చలికాలానికి పొడుగు చేతుల లేసు స్వెట్టర్: ముందు లేసు ఎక్కడో తేల్చుకోండి, ఊలు తర్వాత కొనండి

లేసు స్వెట్టర్ అల్లాలని అనుకోగానే చాలామంది ముందు ఊలు కొనేస్తారు. రంగు నచ్చింది, చేతికి మెత్తగా తగిలింది, పైగా డిస్కౌంట్ కూడా ఉంది. ఇంటికి తెచ్చాక దానికి తగిన డిజైన్ కోసం వెతుకులాట మొదలవుతుంది. సాదా స్వెట్టర్‌కి ఇలా చేసినా నడుస్తుంది, లేసుకి నడవదు. లేసంటే మనం కావాలని వదిలే రంధ్రాలు. అవి ఒంటి మీద ఎక్కడ పడతాయి, ఎంత మేర పడతాయి అన్నదాన్ని బట్టే మిగతావన్నీ తేలతాయి: ఊలు మందం, సూది సైజు, లోపల వేసుకునే బట్ట, చివరికి ఆ స్వెట్టర్ చలికి ఆగుతుందా లేదా అన్నది కూడా.

అసలు లేసు చలికి పనికొస్తుందా? వెచ్చగా ఉంచేది ఊలు పోగుల మధ్య కదలకుండా నిలిచే గాలి. రంధ్రాల్లోంచి బయటి గాలి ఆడితే ఆ వెచ్చదనం పోతుంది. లోపల పొడుగు చేతుల బనీనో, పైన కోటో ఉంటే గాలి మళ్ళీ చిక్కుపడుతుంది. లేసు అల్లికలో పేరు మోసినవి చలి ప్రాంతాలే. రష్యాలోని ఒరెన్‌బర్గ్‌లో మేక నూగుతోనూ, స్కాట్లండ్‌కి ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవుల్లో అక్కడి గొర్రెల ఊలుతోనూ ఉంగరంలోంచి లాగగలిగేంత సన్నటి శాలువాలు అల్లారు. కానీ శాలువాని మడిచి రెండు మూడు పొరలుగా కప్పుకోవచ్చు. స్వెట్టర్‌ది ఒకటే పొర. అందుకే శాలువా లేసుని యథాతథంగా తెచ్చి స్వెట్టర్ చేస్తే అందంగా ఉంటుంది కానీ చలి ఆపదు.

కాబట్టి ముందు ఎక్కడ వేసుకుంటారో ఆలోచించండి. హైదరాబాద్‌లో డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున వణికిస్తుంది, మధ్యాహ్నానికి ఎండ చురుక్కుమంటుంది. ఇలాంటి చోట ఒళ్ళంతా లేసు ఉన్న సన్నటి స్వెట్టర్ చాలా హాయి. ఉదయం వేసుకుని బయల్దేరితే పదకొండు గంటలకి తీసేయాలన్న తొందర ఉండదు. విజయవాడ, విశాఖల్లో అంతకన్నా పల్చనిదే చాలు. ఆదిలాబాద్‌లో, అరకు, లంబసింగి వైపు రాత్రి చలికి మాత్రం లేసు తగ్గించి సాదా అల్లిక పెంచాలి. న్యూజెర్సీలోనో టొరంటోలోనో ఉండే మన వాళ్ళ లెక్క వేరు. అక్కడ ఇంట్లో, ఆఫీసులో హీటర్ ఉంటుంది, బయటికి వెళ్తే పైన కోటు ఉంటుంది. కాబట్టి లేసు స్వెట్టర్ అక్కడ లోపలి పొర. కోటు చేతుల్లో ఇరుక్కోకుండా పల్చగా ఉంటే చాలు.

లేసు ఎక్కడ పెట్టాలి?

నాలుగు దారులున్నాయి. ఒళ్ళంతా లేసు, భుజాల చుట్టూ అంటే యోక్‌లో మాత్రమే లేసు, నిలువు పట్టీలుగా లేసు, చేతులకి మాత్రమే లేసు.

ఒళ్ళంతా లేసు ఫొటోల్లో అందరికీ నచ్చుతుంది. అల్లేటప్పుడు విసుగు రాదు, మధ్యాహ్నపు ఎండకి ఉక్కపోయదు. చిక్కంతా సైజు దగ్గర వస్తుంది. లేసు డిజైన్ ఇన్ని కుట్లకి ఒకసారి తిరిగి వస్తుంది. ఆ గుణిజాల్లోనే స్వెట్టర్ చుట్టుకొలత దొరుకుతుంది, మనకి కావలసిన కొలతలో దొరకదు. ఉదాహరణకి మీ ఛాతీ 92 సెంటీమీటర్లు, వదులుకి ఇంకో 8 కలిపితే 100. డిజైన్ 18 కుట్లకి ఒకసారి తిరుగుతుంది, మీ చేతికి 10 సెంటీమీటర్లలో 24 కుట్లు వస్తున్నాయి. అంటే ఒక్కో డిజైన్ వెడల్పు ఏడున్నర సెంటీమీటర్లు. 13 సార్లు వేస్తే 97.5, 14 సార్లు వేస్తే 105. సరిగ్గా 100 రాదు. అప్పుడు కుట్లు మార్చకుండా సూది మార్చడమే మంచిది. 14 డిజైన్లకి 252 కుట్లు. కొంచెం సన్నటి సూదితో 10 సెంటీమీటర్లకి 25 కుట్లు వచ్చేలా అల్లితే 101 సెంటీమీటర్ల దగ్గరికి వస్తుంది. ఈ చిన్న లెక్క ముందే వేసుకుంటే సగం స్వెట్టర్ విప్పే పని తప్పుతుంది.

యోక్ లేసు నా దృష్టిలో మొదటిసారి అల్లేవాళ్ళకి అన్నిటికన్నా నమ్మకమైనది. ఛాతీ కింద నుంచి నడుము దాకా, చేతులన్నీ సాదా అల్లిక. కాబట్టి వెచ్చదనం పోదు, కొలత సర్దుకోవడం తేలిక. లేసు కనపడాల్సిన చోట, మెడ చుట్టూ, కనిపిస్తుంది. దుపట్టా గానీ పవిట గానీ వేసుకుంటే మాత్రం యోక్ దాని కింద దాక్కుంటుంది. రోజూ చీర మీదో చుడీదార్ మీదో వేసుకునే వాళ్ళకి యోక్ కష్టం వృథా. వాళ్ళకి నిలువు పట్టీలు నయం. ముందు భాగంలో బొత్తాల పట్టీకి అటూ ఇటూ ఒక్కో లేసు పట్టీ, మిగతాదంతా సాదా. పవిట పక్కనుంచి అవి కనపడతాయి, నిలువు గీతల వల్ల మనిషి కొంచెం సన్నగానూ కనిపిస్తారు.

చేతులకి మాత్రమే లేసు అనేది మధ్యే మార్గం. ఒళ్ళు వెచ్చగా ఉంటుంది, చేతులు తేలిగ్గా ఉంటాయి. అయితే దీని సంగతి విడిగా మాట్లాడుకోవాలి, ఎందుకంటే పొడుగు చేతుల లేసు స్వెట్టర్లు ఎక్కువగా ఆగిపోయేది చేతుల దగ్గరే.

చేతులు: ఇక్కడ తొందర పడొద్దు

మణికట్టు నుంచి దండచెయ్యి దాకా చెయ్యి వెడల్పు అవుతూ పోతుంది. మణికట్టు దగ్గర 20 సెంటీమీటర్లు, దండ దగ్గర 34 అనుకుందాం. పైన చెప్పిన మొదటి లెక్కలోనే, అంటే 10 సెంటీమీటర్లకి 24 కుట్ల చొప్పున, 48 కుట్లతో మొదలుపెట్టి 82 దాకా రావాలి. ఒక్కో పక్క 17 కుట్లు పెంచాలి. మణికట్టు అంచున వేసే రిబ్ (సాగే నిలువు చారల అల్లిక) పోగా సుమారు 125 వరసలుంటే ప్రతి 7 వరసలకి ఒకసారి రెండు పక్కలా ఒక్కో కుట్టు. సాదా అల్లికలో టీవీ చూస్తూ కూడా చేయొచ్చు. లేసులో పెంచిన ప్రతి కుట్టూ డిజైన్ బయట మిగిలిపోతుంది. 12 కుట్ల డిజైన్ అయితే ఒక్కో పక్క కొత్తగా 12 కుట్లు జమ అయ్యేదాకా వాటిని సాదాగా లాక్కెళ్ళాలి. ఆ తర్వాత ఒక డిజైన్ అదనంగా చేరుతుంది, ఇంకా 5 కుట్లు మిగులుతాయి. యార్న్ ఓవర్ (రంధ్రం కోసం సూది మీద ఊలుని ఒకసారి చుట్టడం) ఒకటి వేసి, దానికి జోడీగా రెండు కుట్లు కలిపి అల్లడం మర్చిపోయారా, లెక్క తప్పుతుంది. ఆ తప్పు పది వరసల పైన గానీ బయటపడదు.

దీన్ని తప్పించుకోవడానికి కొన్ని పద్ధతులున్నాయి. చేతులు పూర్తిగా సాదాగా అల్లేయడం అన్నిటికన్నా తేలిక, ఒంటికి లేసు ఉన్నప్పుడు అది చూడ్డానికీ బాగుంటుంది. రెండోది, చెయ్యి మధ్యలో మణికట్టు నుంచి భుజం దాకా ఒక్క లేసు పట్టీ వేసి, కుట్లు పెంచే పని రెండు పక్కల సాదా భాగంలో చేయడం. పట్టీ వెడల్పు మారదు కాబట్టి చార్ట్, అంటే డిజైన్ గళ్ళ పటం, మొదటి వరస నుంచి చివరి దాకా ఒకటే. నాకు బాగా నచ్చినది ఇదే. మూడోది, కుట్లు పెంచకుండా సూదులు మార్చడం. మణికట్టు దగ్గర 3 మి.మీ. సూదితో మొదలుపెట్టి, మోచెయ్యి దాటే సరికి 3.5, దండ దగ్గర 4. కుట్ల సంఖ్య ఒకటే ఉంటుంది, అల్లిక దానంతట అదే వెడల్పు అవుతుంది. మణికట్టుకీ దండకీ తేడా మరీ ఎక్కువ ఉన్నవాళ్ళకి ఇది చాలదు. నాలుగోది, చెయ్యి మొత్తం దండ వెడల్పుతోనే తిన్నగా అల్లి, మణికట్టు దగ్గర కుట్లు ఒక్కసారిగా తగ్గించి రిబ్ వేయడం. బుట్ట చేతుల్లా వస్తుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ, పొయ్యి దగ్గర పని చేసేవాళ్ళు, గిన్నెలు తోమేవాళ్ళు ఆలోచించుకోవాలి.

డిజైన్ పుస్తకాలు పట్టించుకోని సంగతి ఇంకొకటి ఉంది. మన చేతులకి గాజులుంటాయి. రాళ్ళ గాజులు, కొక్కెం ఉన్న కడియాలు, వాచీ లేసు రంధ్రాల్లో పట్టుకుని ఊలు లాగేస్తాయి. రోజూ గాజులు వేసుకునేవాళ్ళు మణికట్టు నుంచి కనీసం ఒక జానెడు దాకా గట్టి రిబ్ గానీ సాదా అల్లిక గానీ పెట్టుకుని, లేసు ఆ పైన మొదలుపెట్టండి.

ఊలు ఏది?

మన దగ్గర అక్రిలిక్‌నీ ఊలే అంటాం, గొర్రె బొచ్చునీ ఊలే అంటాం. కానీ లేసులో ఆ రెండింటి దారి వేరు. గొర్రె ఊలు నీళ్ళలో నానబెట్టి, సాగదీసి, పిన్నులు గుచ్చి ఆరబెడితే ఆ ఆకారంలో నిలబడిపోతుంది. దీన్నే బ్లాకింగ్ అంటారు. సూది మీద నలిగిన గుడ్డలా కనిపించే లేసు బ్లాకింగ్ తర్వాతే విచ్చుకుంటుంది. అక్రిలిక్ నీళ్ళకి లొంగదు, ఆరగానే మళ్ళీ ముడుచుకుంటుంది. దానికి ఆవిరి పట్టాలి. ఇస్త్రీ పెట్టెని తాకించకుండా పైన పట్టుకుని ఆవిరి వదిలితే లేసు తెరుచుకుంటుంది, మళ్ళీ ముడుచుకోదు. కానీ వేడి కాస్త ఎక్కువైనా, పెట్టె తగిలినా అక్రిలిక్ చప్పగా వేలాడిపోతుంది, దాన్ని వెనక్కి తేలేం. ముందు చిన్న ముక్క మీద చూసుకోకుండా స్వెట్టర్ మీద ప్రయోగం చేయొద్దు.

అలాగని అక్రిలిక్‌ని తీసిపారేయడం నాకు ఇష్టం లేదు. వర్ధమాన్ లాంటి కంపెనీల ఉండలు చిన్న ఊళ్ళలో కూడా దొరుకుతాయి, ధర తక్కువ, పురుగు పట్టదు, వాషింగ్ మెషిన్‌లో వేయొచ్చు. పిల్లల స్వెట్టర్‌కి, మొదటి ప్రయత్నానికి, యోక్‌లో కొంచెం లేసు ఉన్న డిజైన్‌కి అది చాలు. ఒళ్ళంతా లేసుకి మాత్రం వద్దు. పైగా అక్రిలిక్ చెమటని దాదాపు పీల్చుకోదు. గొర్రె ఊలు తన బరువులో 30 శాతం దాకా తేమని పీల్చుకుని కూడా తడిగా అనిపించదు. హైదరాబాద్ లాంటి చోట, ఉదయం చలి, మధ్యాహ్నం ఎండ ఉన్నప్పుడు ఈ తేడా ఒంటికి తెలుస్తుంది.

ఊలులో మెరినో, షెట్లాండ్ అని రెండు గొర్రె జాతుల పేర్లు ఎక్కువగా వినిపిస్తాయి. మెరినో పోగు సన్నం, అందుకే గుచ్చుకోదు. చర్మానికి నేరుగా తగిలే స్వెట్టర్‌కి అదే మంచిది. షెట్లాండ్ కాస్త గరుకు, కానీ పోగులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. లేసు అల్లుతూ ఒక కుట్టు జారినా అది గబగబా కిందికి పరుగెత్తదు, మీరు చూసేదాకా అక్కడే ఉంటుంది. కొత్తవాళ్ళకి ఇది పెద్ద ధైర్యం. లోపల కాటన్ బనీను వేసుకునే అలవాటు ఉంటే గరుకుతనం తెలియదు కూడా. విదేశాల్లో ఉన్నవాళ్ళకి దొరకడం తేలిక: జేమీసన్ అండ్ స్మిత్ కంపెనీ షెట్లాండ్ ఊలు 25 గ్రాముల ఉండలో 115 మీటర్లు వస్తుంది, పల్చటి స్వెట్టర్‌కి సరిపోయే మందం.

లేబుల్ మీద సూపర్‌వాష్ అని ఉంటే కొంచెం ఆగండి. మెషిన్‌లో ఉతికినా ముద్ద కట్టకుండా ఊలు పోగు మీది పొలుసుల్ని తీసేసి గానీ, పూత పూసి గానీ తయారుచేస్తారు. దానివల్ల నునుపు వస్తుంది, పట్టు పోతుంది. తడిపినప్పుడు సూపర్‌వాష్ స్వెట్టర్ బాగా సాగుతుంది, చేతులు వేళ్ళు దాటి వచ్చేస్తాయి. సాదా స్వెట్టర్‌లోనే ఈ గొడవ ఉంటే లేసులో ఇంకా ఎక్కువ. వాడాలనుకుంటే ఒక సైజు సన్నటి సూదితో అల్లండి, భుజాల దగ్గర అతుకు కుట్టు ఉన్న నమూనా ఎంచుకోండి.

అల్పాకా (దక్షిణ అమెరికా జంతువు) బొచ్చు గొర్రె ఊలుకన్నా వెచ్చన, కానీ సాగినది తిరిగి ముడుచుకోదు. ఒళ్ళంతా లేసు, పొడుగు చేతులు, నూటికి నూరు అల్పాకా అనే కలయిక వద్దు. కాటన్ బరువెక్కువ, సాగి వేలాడుతుంది, వెచ్చదనం కూడా తక్కువే. కోస్తా ఊళ్ళలో సాయంత్రం పూటకి మాత్రం పల్చటి కాటన్ లేసు పనికొస్తుంది. తెలంగాణ గొంగళ్ళు నేసే దక్కనీ గొర్రెల ఊలుతో అల్లొచ్చా అని అడుగుతారు. ఆ ఊలు ముతక. వానకీ చలికీ గొంగడిగా దాన్ని మించింది లేదు కానీ, లేసు దాని పని కాదు.

ఇక మోహేర్ (అంగోరా మేక బొచ్చు), పట్టు కలిపిన సన్నటి దారం. 25 గ్రాముల ఉండలో దాదాపు 210 మీటర్లు వస్తుంది. 4 లేదా 4.5 మి.మీ. సూదితో స్వెట్టర్ మొత్తం 125 నుంచి 175 గ్రాముల్లో అయిపోతుంది. వేసుకున్నట్టే అనిపించదు. నూగు రంధ్రాల్లోకి పరుచుకుని గాలిని పట్టేస్తుంది కాబట్టి దాని బరువుకి ఆశ్చర్యపడేంత వెచ్చన. కానీ ఆ నూగే లేసు డిజైన్‌ని మసకబారుస్తుంది. కాబట్టి మోహేర్‌కి పెద్ద పెద్ద రంధ్రాల తేలిక డిజైన్లే వేయాలి, సున్నితమైన ఆకులూ పువ్వులూ దండగ. తప్పు పడితే విప్పడం నరకం. పోగులు చిక్కుకుపోతాయి. అల్లికని ఒక కవర్‌లో పెట్టి గంటసేపు ఫ్రీజర్‌లో ఉంచి తీస్తే కాస్త తేలిగ్గా విడిపోతాయి. మొదటి లేసు స్వెట్టర్ మోహేర్‌తో మొదలుపెట్టకండి. ఉబ్బసం ఉన్నవాళ్ళకీ, చంటిపిల్లల్ని ఎత్తుకునేవాళ్ళకీ కూడా నూగు ఇబ్బంది.

మందం: సన్నటిదా, మధ్యరకమా?

లేసు పేరుతోనే అమ్మే అతి సన్నటి దారం 100 గ్రాములకి 600 నుంచి 800 మీటర్లు వస్తుంది. అది శాలువాలకి. స్వెట్టర్‌కి నిజమైన పోటీ ఫింగరింగ్ అనే సన్నటి దారానికీ డీకే అనే మధ్యరకానికీ మధ్య. ఫింగరింగ్ 100 గ్రాములకి 400 మీటర్లు, డీకే 200 నుంచి 250. ఛాతీ 38 అంగుళాల మనిషికి పొడుగు చేతుల స్వెట్టర్ అంటే ఫింగరింగ్‌లో సుమారు 1,400 మీటర్లు, అంటే 350 గ్రాములు. డీకేలో సుమారు 1,100 మీటర్లు, అంటే అర కిలో దాకా. డీకే త్వరగా అవుతుంది కానీ లేసు మొద్దుగా కనిపిస్తుంది, రంధ్రాలు పెద్దవై లోపలి బట్ట బాగా బయటపడుతుంది. హైదరాబాద్ చలికీ, కోటు లోపలికీ ఫింగరింగ్. లంబసింగి లాంటి చోట్లకి, యోక్‌లోనే లేసు పెట్టేవాళ్ళకి డీకే. మధ్యలో స్పోర్ట్ అనే మందం ఉంది, 100 గ్రాములకి 300 మీటర్ల చొప్పున. దొరికితే వదలొద్దు.

శాలువాలకి వాడినంత పెద్ద సూది స్వెట్టర్‌కి వాడొద్దు. లేబుల్ మీద ఉన్నదానికి ఒక సైజు పైకి వెళ్తే చాలు. ఎక్కువ వెళ్తే మోచేతుల దగ్గర, వెనక కూర్చునే చోట వారానికే సంచులు పడతాయి.

రంగు గురించి ఒక్క మాట: లేత, ఒకే రంగు ఊలులోనే లేసు కనిపిస్తుంది. రంగురంగుల దారంలో మీ కష్టం ఎవరికీ కనపడదు. నల్లది రాత్రి దీపం కింద అల్లడం కళ్ళకి శిక్ష.

ఏ డిజైన్?

డిజైన్ ఎంచుకునేటప్పుడు అందం కన్నా ముందు చూడాల్సింది, వెనక వరసలో ఏం చేయాలన్నది. కొన్ని లేసుల్లో ఒక వరస డిజైన్, తర్వాతి వరస ఉత్త పర్ల్ (ఉల్టా కుట్టు). ఊపిరి పీల్చుకునే వ్యవధి ఉంటుంది. ఇంకొన్నిటిలో ప్రతి వరసలోనూ యార్న్ ఓవర్లు ఉంటాయి. అవి మరీ పల్చగా, ఎంతో అందంగా వస్తాయి, స్వెట్టర్‌కి మాత్రం వాటిని తీసుకోకండి.

షెట్లాండ్‌లో పుట్టిన ఓల్డ్ షేల్ డిజైన్‌కి నా ఓటు. అలల్లా వస్తుంది. 18 కుట్లు, 4 వరసలు. ఆ నాలుగింటిలో ఒకే ఒక్క వరసలో పని ఉంటుంది: రెండేసి కుట్లు కలిపి మూడుసార్లు, తర్వాత యార్న్ ఓవర్, ఒక నిట్ (మామూలు కుట్టు) చొప్పున ఆరుసార్లు, మళ్ళీ రెండేసి కలిపి మూడుసార్లు. మిగతా మూడూ సాదా వరసలే. చార్ట్ చూడాల్సిన పని కూడా ఉండదు. కింది అంచు దానంతట అదే వంపులు తిరుగుతుంది, విడిగా బోర్డరు అక్కర్లేదు. సూదులు మార్చి చేతులు వెడల్పు చేసే పద్ధతికి కూడా ఇది చక్కగా నప్పుతుంది. దీంట్లో లోటల్లా ఒకటే, అలల వల్ల అడ్డంగా చారలు కనిపిస్తాయి. అది నచ్చని వాళ్ళు ఆకుల పట్టీల వైపు వెళ్ళొచ్చు. ఆకుల డిజైన్‌కి తల, తోక ఉంటాయి. మెడ నుంచి కిందికి అల్లితే ఆకులు తలకిందులవుతాయి, కాబట్టి నమూనా ఏ దిశలో అల్లమంటుందో ముందే చూసుకోండి. ఎస్తోనియా లేసుల్లో నుప్ అని చిన్న బుడిపెలు వస్తాయి. చూడ్డానికి ముత్యాల్లా ఉంటాయి కానీ ఒక్కోదానికి ఐదు, ఏడు కుట్లు కలిపి పర్ల్ చేయాలి, ఊలు ఎక్కువ పడుతుంది. యోక్‌లో ఒక వరస పెట్టుకుంటే చాలు.

ముక్కలుగానా, గుండ్రంగానా?

మెడ నుంచి కిందికి గుండ్రంగా అల్లే రాగ్లాన్ (మెడ నుంచి చంక దాకా ఏటవాలు గీతల దగ్గర చేతులు ఒంటితో కలిసే రకం) ఇప్పుడు ఎక్కువమంది ఎంచుకుంటున్నారు. మధ్యలో వేసుకుని చూసుకోవచ్చు, చేతుల పొడవు చివర్లో నిర్ణయించుకోవచ్చు, గుండ్రంగా అల్లడం వల్ల పర్ల్ వరసలు ఉండవు. యోక్ లేసుకీ, సాదా చేతులకీ ఇది సరైనది. ఒళ్ళంతా లేసుకి మాత్రం రాగ్లాన్ గీతల దగ్గర ప్రతి రెండో వరసకీ డిజైన్ తెగుతుంది. అలాంటప్పుడు పాత పద్ధతే నయం: ముందు భాగం, వెనక భాగం, రెండు చేతులు విడివిడిగా అల్లి కుట్టేయడం. అందులోనూ చంక దగ్గర తగ్గింపులు లేని డ్రాప్ షోల్డర్ తీసుకుంటే ముందు, వెనక భాగాలు రెండూ దీర్ఘచతురస్రాలే. లేసు ఎక్కడా తెగదు. భుజాల మీద, పక్కల్లో పడే అతుకు కుట్లు స్వెట్టర్ బరువుని మోస్తాయి, కిందికి జారనివ్వవు. కుట్టడం విసుగనే మాట నిజమే.

చీర కట్టే వాళ్ళకి ముందు తెరుచుకునే కార్డిగన్ తప్ప వేరే ఆలోచన వద్దు. తల మీంచి వేసుకునేది పవిట చెరుపుతుంది, జడ చెరుపుతుంది. బొత్తాల పట్టీ మాత్రం రిబ్‌లోనో, గట్టి సాదా అల్లికలోనో ఉండాలి, బొత్తాలు తేలికవి ఎంచుకోవాలి. బరువైన బొత్తాలు లేసుని ముందుకి లాగేస్తాయి.

క్రోషేతో, అంటే ఒకే కొక్కెం సూదితో, చేయొచ్చా అని గోదావరి జిల్లాల వాళ్ళు తప్పక అడుగుతారు, అక్కడ లేసంటే క్రోషేనే కాబట్టి. నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చెయ్యి తిరిగిన వాళ్ళు నిస్సంకోచంగా చేయొచ్చు. ఒక కుట్టు జారినా మొత్తం విడిపోయే భయం లేదు, విప్పి అల్లడం తేలిక. కానీ క్రోషే అదే కొలతకి ఎక్కువ ఊలు తాగుతుంది, ఒంటికి అంత మెత్తగా వాలదు, సాగదు. అందుకని క్రోషేకి వదులైన కార్డిగన్, ఒంటికి పట్టి ఉండే పొడుగు చేతులకి రెండు సూదుల అల్లిక. నరసాపురం పనిలో వాడే కాటన్ దారం బదులు సన్నటి ఊలు తీసుకోవాలి, లేకపోతే చలికి ఆగదు.

సూదులు, ఇంకో రెండు జాగ్రత్తలు

లేసుకి మొన వాడిగా ఉన్న సూది కావాలి, మొద్దు మొనతో మూడు కుట్లు కలిపి అల్లడం చాలా కష్టం. లోహపు సూది వేగం, కానీ నునుపైన మెరినో జారిపోతుంది. వెదురు, కర్ర సూదులు కుట్టుని పట్టుకుంటాయి. మన దేశంలోనే తయారయ్యే నిట్‌ప్రో కర్ర సూదులు ఈ పనికి బాగుంటాయి. ముక్కలుగా అల్లినా సరే తీగ ఉన్న సర్క్యులర్ సూదే తీసుకోండి, బరువు ఒళ్ళో పడుతుంది, మణికట్లు నొప్పి పుట్టవు.

డిజైన్ ఒక చుట్టు పూర్తయిన ప్రతిసారీ సూది మీది కుట్లన్నిటిలోంచి వేరే రంగు కుట్టు దారం ఒకటి దూర్చి వదిలేయండి. దీన్ని లైఫ్‌లైన్ అంటారు. తప్పు పడితే అక్కడిదాకా విప్పి ధైర్యంగా మళ్ళీ సూదికి ఎక్కించుకోవచ్చు. ఊలు ఒకే డై లాట్ నంబరుది (ఒకేసారి రంగు వేసినది), లెక్కకన్నా ఒక ఉండ ఎక్కువే తీసుకోండి. మిగిలితే టోపీ అవుతుంది. తగ్గితే అదే రంగు మళ్ళీ దొరకడం గగనం.

ఇవన్నీ తేల్చుకున్నాక కూడా ఒక పని మిగులుతుంది, దాన్ని ఎగ్గొట్టేవాళ్ళే ఎక్కువ. కనీసం 15 సెంటీమీటర్ల నమూనా ముక్క అల్లి, స్వెట్టర్‌ని ఎలా ఉతుకుతారో అలాగే ఉతికి, పిన్నులు గుచ్చి ఆరనివ్వండి. లేసు బ్లాకింగ్‌కి ముందు ఒక కొలత, తర్వాత ఇంకో కొలత. లెక్క వేయాల్సింది తర్వాతి దాంతోనే. ఆరిన ముక్కని పై అంచుకి క్లిప్పులు పెట్టి, కింది అంచుకి రెండు మూడు చెంచాలు తగిలించి ఒక రాత్రి వేలాడదీయండి. పొద్దున్నే పొడవు మళ్ళీ కొలవండి. ఎంత సాగిందో చూసి, చేతుల పొడవులో ఆ మేరకి వరసలు తగ్గించుకుంటే వేసుకున్నాక అంచు మణికట్టు దగ్గరే ఆగుతుంది.